గీత, రాత, పాత కాగితం: మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం పాత కాగితాల గురించి, సగం అక్షరాల గురించి. నాకు రెండూ ప్రాణమే. ఆఫీసు అయ్యాక కార్టూన్లు గీసుకుంటూ, ఆదివారం వస్తే తిరుపతిలో పాత పుస్తకాల కొట్లూ తుక్కు కొట్లూ తిరిగి అగ్గిపెట్టె అట్టలూ క్యాలెండర్లూ ఏరుకొచ్చే మనిషిని కాబట్టి కొన్ని జవాబులు పొడుగైతే ఏమనుకోకండి. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు, అందుకని అందరివీ ఊళ్ళు మాత్రమే వేస్తున్నాం.

అన్నా, నేను డిగ్రీ సెకండియర్. కామిక్స్ గీస్తాను. మా ఫ్రెండ్స్ అంతా జపాన్ మాంగా స్టైల్లో గీస్తున్నారు, నా చెయ్యీ అటే పోతోంది. మనకంటూ ఒక స్టైల్ ఉందా? ఉంటే ఎక్కడ చూసి నేర్చుకోవాలి? (శ్రీకాళహస్తి)

తమ్ముడూ, కాళహస్తిలో ఉండి ఈ ప్రశ్న అడుగుతున్నావు చూడు, జవాబు మీ ఊళ్ళోనే ఉంది. తరతరాలుగా అక్కడ గుడ్డ మీద బొమ్మల కథలు గీస్తున్నారు. కలంకారీ అంటే ఇప్పుడు అందరికీ చీరలూ దుపట్టాలే గుర్తొస్తున్నాయి గానీ, గుళ్ళో వేలాడదీయడానికి గీసిన పెద్ద రామాయణ పటం ఎక్కడైనా కనబడితే దాని ముందు ఓ గంట నిలబడు. నడుమ పెద్ద గడిలో పట్టాభిషేకం, దాని చుట్టూ వరసలు వరసలుగా చిన్న గళ్ళు, ఒక్కో గడిలో కథలోని ఒక్కో ఘట్టం, గడి అంచున సన్నటి పట్టీలో అక్కడ ఏం జరుగుతోందో తెలుగులో రాసి ఉంటుంది. ఇప్పుడు మనం ప్యానెల్ అంటున్నదీ క్యాప్షన్ అంటున్నదీ అదే కదా. రాముడు ఒకే పటంలో ఎన్నో చోట్ల కనబడతాడు, ఎక్కడ కనబడినా అదే కిరీటం, అదే ముక్కు, అదే ఒంటి రంగు, కాబట్టి చదవడం రానివాళ్ళు కూడా కథ ఎటు పోతోందో పట్టుకోగలరు. క్యారెక్టర్ డిజైన్ అని నువ్వు యూట్యూబ్‌లో వెతుకుతున్నది ఇదే.

ఇక గీత సంగతి. మచిలీపట్నం వాళ్ళది అచ్చుల పని, చెక్కతో చెక్కిన అచ్చు గుడ్డ మీద అద్దుతారు. కాళహస్తిలో అంతా చేత్తోనే. గుడ్డని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు, పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకి పాకదు. చింత బరికెలు కాల్చిన బొగ్గుతో చిత్తు గీత వేస్తారు. కలం అంటే మొన చెక్కిన వెదురు పుల్ల, మొనకి కాస్త పైన ఉన్నిగానీ గుడ్డ పేలికగానీ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండ రంగు పీల్చుకుని ఉంటుంది, వేళ్ళతో ఎంత నొక్కితే అంత మొనకి దిగుతుంది. నల్లరంగు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడతారు, దాన్నే కసిమి అంటారు. కసిమి కరక్కాయ పట్టించిన గుడ్డకి తగలగానే నల్లబడుతుంది, ఇక చెరిపేది లేదు. ఆ నల్ల గీత పూర్తయ్యాకే పటిక, ఎరుపు, పసుపు, నీలం, మధ్య మధ్యలో ఉతుకుళ్ళు. అంటే బొమ్మ బలమంతా ముందు పడే ఆ ఒక్క నల్ల గీతలోనే ఉండాలి, రంగు వచ్చి కాపాడుతుందని ఊరుకోవడానికి వీల్లేదు. కార్టూన్‌కి ఇంతకన్నా మంచి బడి నాకు తెలియదు.

1950లలో చేతిపనుల ఉద్ధరణకి నడుం కట్టిన కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకుని ఆ ఊళ్ళో శిక్షణ కేంద్రం పెట్టించేదాకా ఈ పని దాదాపు ఆగిపోయే స్థితిలో ఉంది. తర్వాత అదే ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పటికీ ఇళ్ళలో కూర్చుని గీసేవాళ్ళున్నారు, మర్యాదగా అడిగితే పక్కన కూర్చుని చూడనిస్తారు. మాంగా మానేయమని నేను అనను. పేజీలో పాఠకుడి కన్ను ఎటు నడవాలో వాళ్ళు అద్భుతంగా నడిపిస్తారు, అది నేర్చుకోవలసిందే. కానీ ఒక పని చెయ్యి. మీ ఇంట్లో జరిగిన ఏదో ఒక పెళ్ళో గొడవో తీసుకుని, మాటల బుడగలు లేకుండా, గడి పైన పట్టీలో ఒక్క వాక్యం మాత్రం రాస్తూ, వరసగా గళ్ళలో గీసుకుంటూ పో. పెన్సిల్ వద్దు, నేరుగా ఇంకుతోనే. అయ్యాక నాకు పంపు.

పాత ప్రైమరీ హెల్త్ సెంటర్ గోడ మీద తలకిందులైన ఎర్ర త్రిభుజం ఒకటి వెలిసిపోయి కనబడింది. ఇది ఎవరి గుర్తు? (పలమనేరు)

కుటుంబ నియంత్రణ గుర్తు అది. 1960లలో వచ్చింది, కేంద్ర కుటుంబ నియంత్రణ శాఖలో ప్రచారం చూసిన దీప్ త్యాగి పేరు దీనితో ముడిపడి ఉంటుంది. దాని పక్కనే చాలాచోట్ల అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, నాలుగు ముఖాలుండేవి. నాకు అది మన దేశంలో వచ్చిన మంచి డిజైన్లలో ఒకటిగా తోస్తుంది. మూడు గీతలు, ఒక్క రంగు. ఏ ఊరి పెయింటరైనా, చేతిలో స్కేలు లేకపోయినా, ఏ గోడ మీదైనా వేసేయగలడు, బస్సులో పోతూ చూసినా తెలిసిపోతుంది, ఏ భాషా అక్కర్లేదు. ఇప్పుడు లోగో అంటే గ్రేడియంట్లూ నీడలూ వేసి తెచ్చేవాళ్ళు ఒకసారి దీన్ని చూడాలి. ఆ గోడకి సున్నం కొట్టేలోపు ఒక ఫోటో తీసి, తేదీ, ఊరు రాసి పెట్టుకోండి.

సార్, మా అత్తగారింట్లో అటక దులుపుతుంటే రేకు ట్రంకు పెట్టె ఒకటి బయటపడింది. నిండా పాత క్యాలెండర్ బొమ్మలు, శుభలేఖలు, అగ్గిపెట్టె అట్టలు, అట్టలూడిన చందమామలు. మావారు తూకానికి వేసేద్దాం అంటున్నారు. ఏవి ఉంచుకోవాలి? (బైరాగిపట్టెడ, తిరుపతి)

అన్నీ ఉంచుకోండి తల్లీ, తూకానికి మాత్రం వేయకండి. చదివేసిన దినపత్రికలు వేయండి, అవి వేరేచోట కూడా దొరుకుతాయి. కిరాణా కొట్టు క్యాలెండర్, బంధువుల పెళ్ళి శుభలేఖ, ఇవి ఎవ్వరూ దాచరు, అందుకే ఇంకెక్కడా దొరకవు.

ముందు ఏది ఎప్పటిదో తేల్చుకోవాలి. సంవత్సరం వేసి ఉంటే సరే, లేకపోతే చిన్న చిన్న ఆనవాళ్ళు చూడండి. అడ్రసులో పిన్ కోడ్ ఉంటే 1972 తర్వాతది, ఆ ఏడాది ఆగస్టు 15న పిన్ కోడ్ మొదలైంది. అగ్గిపెట్టె మీద ధర నయా పైసల్లో ఉంటే 1957కీ 1964కీ మధ్యది అనుకోవచ్చు. చిత్తూరు జిల్లా, మద్రాసు రాష్ట్రం అని ఉంటే 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం రాకముందుది, అలాంటిది దొరికితే పండగే. ఫోన్ నంబరు రెండు మూడు అంకెలే ఉంటే అదీ పాతదనానికి గుర్తే. శుభలేఖ వెనక వేలితో తడమండి, అక్షరాలు ఉబ్బెత్తుగా తగిలితే సీసపు అక్షరాలు పేర్చి అచ్చు వేసిన కాలం నాటిది. తర్వాతి కాలపు ఆఫ్‌సెట్ అచ్చు అయితే నున్నగా ఉంటుంది.

క్యాలెండర్ బొమ్మలకి కింది అంచు చూడండి. చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు, ఒక్కోసారి చిత్రకారుడి సంతకం ఉంటుంది. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి దేవుళ్ళ బొమ్మలు రంగుల్లో అచ్చు వేయించడంతో పూజ గదిలో పటం పెట్టుకోవడం మామూలు ఇళ్ళకీ వచ్చింది. తర్వాతి తరంలో కోవిల్‌పట్టిలో ఉండి గీసిన కొండయ్య రాజు, ఆయన శిష్యులు, వాళ్ళ బొమ్మలు అచ్చు వేసిన శివకాశి ప్రెస్సులు, మన ఇళ్ళలో వేలాడిన లక్ష్మీదేవులూ మురుగన్‌లూ చాలావరకూ అటునుంచి వచ్చినవే. కింద తిరుపతిలో ఏ బట్టల కొట్టో, చిత్తూరులో ఏ బెల్లం మండీనో తన పేరు వేయించుకుని పంచేది. ఆ కొట్టు పేరు కోసమైనా దాచాలి. ఆ వీధిలో ఇప్పుడు ఆ కొట్టు ఉండకపోవచ్చు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి అగ్గిపెట్టె అట్టలు. ఒకటి తీసి భూతద్దం కింద పెట్టండి. రెండు అంగుళాలు కూడా లేని కాగితంలో పులో, తామరపువ్వో, రైలింజనో, ఒకే పక్కకి చూస్తూ, చుట్టూ ఒక అంచు, పైన కంపెనీ పేరు, కింద ధర. నల్ల గీత ఒకసారి అచ్చు, ఎరుపు ఇంకోసారి, పసుపు ఇంకోసారి పడతాయి కాబట్టి చాలా అట్టల మీద రంగు గీత దాటి వెంట్రుకవాసి పక్కకి జరిగి ఉంటుంది. పులి మీది నారింజ రంగు పులిని వదిలి కాస్త బయటికి వచ్చి ఉంటుంది. ఆ జరుగుడు చూస్తే ఆ కాగితం మిషన్లో ఎన్నిసార్లు తిరిగిందో, ఏ రంగు ఏ రంగు మీద పడిందో కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది. ఇవాళ కంప్యూటర్లో పనిగట్టుకుని ఆ జరుగుడు తెప్పించుకుంటున్నారు డిజైనర్లు, పాతదనం కోసం. మీ పెట్టెలో అసలుదే ఉంది.

చందమామలు అట్టలూడినా పారేయొద్దు. 1947 జులైలో తెలుగు, తమిళాల్లో మొదలైన పత్రిక అది. లోపలి పేజీల్లో చిత్రా, శంకర్ బొమ్మలు చూడండి. విక్రమార్కుడు భుజాన శవంతో నడిచే బొమ్మ శంకర్‌ది, ఆయన 2020లో పోయారు. చిన్న నలుపు తెలుపు బొమ్మలో చెట్టు వెనక ఇల్లు, ఇంటి వెనక కొండ, మూడు దూరాలు మూడు రకాల గీతల్లో చూపించేవారు. అట్టలున్నవి దొరికితే వడ్డాది పాపయ్య రంగులు వేరే లోకం. వపా అని సంతకం వెతకండి.

దాచడం గురించి: లామినేషన్ చేయించొద్దు, అది మళ్ళీ ఊడి రాదు. సెల్లోటేపు అంటించొద్దు, కొన్నాళ్ళకి పసుపు మరక పడుతుంది. రబ్బరు బ్యాండ్లు వేసవిలో కరిగి కాగితానికి అతుక్కుంటాయి. మడతలు విప్పి పలకగా పరిచి, మధ్యలో తెల్ల కాగితం వేసి, గట్టి అట్ట ఫైల్లో పెట్టి, తేమ లేని అలమరలో పైఅరలో ఉంచండి. అప్పుడప్పుడు తెరిచి వెండిపురుగు పట్టిందేమో చూసుకోండి. స్కాన్ చేయిస్తే 600 డీపీఐలో చేయించండి, అట్టలు చిన్నవి కదా, తర్వాత పెద్దగా చూసుకోవచ్చు. ఖరీదెంత వస్తుందని మీరు అడగలేదు, అది నాకు చాలా నచ్చింది. మీ అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో కాగితం ఎవరు తెచ్చారో అడిగి వెనక పెన్సిల్‌తో రాసి పెట్టండి. పెన్నుతో వద్దు.

బస్టాండ్ దగ్గర పాత పుస్తకాల్లో ఒక తమిళ కామిక్ దొరికింది. ఒక తెల్లాయనకి ఇనుప చెయ్యి, కరెంటు తగిలితే మాయమైపోతాడు. నాకు తమిళం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఎవరిది ఇది? (పుత్తూరు)

భలేది దొరికింది మీకు! ఆయన తమిళంలో ఇరుంబుక్కై మాయావి. పుట్టింది మాత్రం ఇంగ్లండులో, 1962లో వాలియంట్ అనే వారపత్రికలో, అక్కడ పేరు స్టీల్ క్లా. గీసింది స్పెయిన్ దేశపు చిత్రకారుడు జీసస్ బ్లాస్కో. 1970ల మొదట్లో శివకాశి నుంచి వచ్చిన ముత్తు కామిక్స్ దాన్ని తమిళంలో వేసింది, తమిళనాడులో ఒక తరం పిల్లలకి ఆయనే సూపర్ హీరో. స్పెయిన్లో గీస్తే లండన్లో అచ్చై, శివకాశిలో తమిళమై, పుత్తూరు బస్టాండులో మీ చేతికి వచ్చింది చూడండి. మన జిల్లాలో ఉన్న సుఖమే అది, చెన్నై ఎంత దగ్గరో తమిళ కాగితాలూ అంత దగ్గర.

బొమ్మల్లో నల్లరంగు వాడిన తీరు గమనించండి. బ్లాస్కో వెలుతురు ఒకే వైపు నుంచి వేసి మిగతాదంతా నల్లగా వదిలేస్తాడు. ముఖంలో సగం కనబడదు, అయినా ఆ మనిషి భయపడుతున్నాడని తెలుస్తుంది. చదవడం రాకపోయినా ఫరవాలేదు, ముందు మాటలు వదిలేసి బొమ్మల మీదే కథ ఊహించి, తర్వాత తమిళం చదివేవాళ్ళ చేత చదివించుకోండి. ఎక్కడ తేడా వచ్చిందో చూస్తే బొమ్మ ఎంత చెప్పగలదో, ఎక్కడ మాట కావాలో తెలుస్తుంది.

అన్నా, నేను డీటీపీ సెంటర్లో పని చేస్తున్నా. ఫోటోషాప్‌లో తెలుగు టైప్ చేస్తే వత్తులు విడిపోయి పక్కకి పడుతున్నాయి. అను ఫాంట్స్‌లో చేస్తే బాగుంటుంది కానీ కస్టమర్ వాట్సాప్‌లో పెట్టమంటే అంతా పిచ్చి ఇంగ్లీషు అక్షరాలే. ఏం చేయాలి? ఫ్రీగా మంచి ఫాంట్లు ఉన్నాయా? (చిత్తూరు)

రెండూ వేరే వేరే సమస్యలు. అను లాంటి పాత ఫాంట్లలో లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల కోడే, పైన తెలుగు బొమ్మ తొడిగారంతే. ఆ ఫాంట్ లేని చోటికి పోగానే తొడుగు ఊడిపోతుంది. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరు ఉంది కాబట్టి ఎక్కడికి పంపినా తెలుగుగానే ఉంటుంది. డీటీపీ సెంటర్లలో పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌కి యూనికోడ్ తెలియదు, 2001 తర్వాత కొత్త వెర్షన్ కూడా రాలేదు. దాన్ని వదలడానికి మీ ఓనరు ఒప్పుకోడని నాకు తెలుసు, పాత పనులు అందులోనే కానివ్వండి, కొత్తవి మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టండి.

ఫోటోషాప్‌లో వత్తులు విడిపోవడం ఫాంట్ తప్పు కాదు, సెట్టింగ్ తప్పు. మీది మరీ కొత్త వెర్షన్ కాకపోతే ప్రిఫరెన్సెస్‌లో టైప్ అని ఉంటుంది, అక్కడ టెక్స్ట్ ఇంజన్‌ని వరల్డ్ రెడీ లేఅవుట్‌కి మార్చండి. ఇంకా పాత వెర్షన్లో అదే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. మార్చాక ఫోటోషాప్ మూసి మళ్ళీ తెరిచి కొత్త ఫైల్ తీసుకోండి. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి.

ఫాంట్లకి ఇప్పుడు కొదవ లేదు. సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన వరసలో పెద్దన, తిమ్మన, సూరన్న, తెనాలి రామకృష్ణ, రామరాజ అని రాయల కొలువులోని కవుల పేర్లతోనే ఉన్నాయి. మన కాళహస్తి ఈశ్వరుడి మీద శతకం రాసిన ధూర్జటి పేరుతోనూ ఒకటుంది, అది హెడ్డింగులకి చేసింది. ఏక్ టైప్ అనే సంస్థ వాళ్ళ బాలూ తమ్ముడు ఫాంట్ బొద్దుగా ఉంటుంది, పిల్లల ఫంక్షన్ బ్యానర్లకి సరిగ్గా సరిపోతుంది. వాళ్ళదే అనేక్ తెలుగులో సన్నటి నుంచి లావు వరకూ, ఇరుకు నుంచి వెడల్పు వరకూ అన్నీ ఉన్నాయి, విజిటింగ్ కార్డులో చిన్న అక్షరాలకి నేను అదే వాడతాను. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి డబ్బులు తీసుకుని చేసే పనిలోనూ వాడుకోవచ్చు.

ఒక్క విషయం మాత్రం బతిమాలి చెబుతున్నాను. లైన్ల మధ్య ఖాళీ వదలండి. ఇంగ్లీషుకి సరిపోయే ఖాళీ తెలుగుకి చాలదు. స్త్రీ అని రాసి చూడండి, పైన గుడి దీర్ఘం, కింద వత్తులు, ఒక్క అక్షరానికే పైనా కిందా చోటు కావాలి. పై లైనులోని వత్తు కింది లైనులోని గుడిని గుద్దుకుంటుంటే చదివేవాడికి చిరాకు వస్తుంది, ఎందుకు వచ్చిందో అతనికి తెలియదు. నేనైతే అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు పెడతాను. ఫ్లెక్సీలో చోటు చాలదు అంటే రెండు విశేషణాలు తీసేయమని కస్టమర్‌కి చెప్పండి, లైన్లు మాత్రం నొక్కకండి.

చేత్తో రాసిన బోర్డులు ఇంకా ఎక్కడైనా ఉన్నాయా? బ్రష్‌తో అక్షరాలు నేర్చుకోవాలని ఉంది. (తిరుపతి)

ఉన్నాయి, తల ఎత్తి నడిస్తే కనబడతాయి. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత వీధుల్లో పొద్దున్నే కొట్లు తెరవకముందు నడవండి. షట్టరు దించి ఉంటేనే దాని మీది రాత కనబడుతుంది, పది దాటితే ఏమీ ఉండదు. లారీల వెనక, స్కూలు గోడల మీద, ఆటోల మీద చూడండి. ఆటోల మీద ఇప్పుడు రేడియం స్టిక్కర్లే ఎక్కువ, కానీ ఆ రేడియం షాపుల్లో కత్తితో అక్షరాన్ని ఒకే ఊపులో కోసేవాళ్ళని చూస్తే అదీ చిన్న విద్య కాదనిపిస్తుంది.

నేర్చుకోవడానికి పెయింటర్లు చేసేది జాగ్రత్తగా చూడండి. ముందు సుద్ద పూసిన దారం రెండు చివరలా పట్టి లాగి కొడతారు, గోడ మీద తిన్నటి గీత పడుతుంది. అక్షరాల్ని సుద్దతో గుర్తు పెట్టుకుంటారు, కుడి చెయ్యి వణక్కుండా ఎడమ చేతిలో కర్ర ఒకటి ఆనించుకుంటారు. ఎనామెల్ పెయింట్, చదును బ్రష్. తెలుగులో నిలువు గీతలు తక్కువ, అన్నీ వంపులే, కాబట్టి బ్రష్‌ని వేళ్ళ మధ్య తిప్పుతూ పోవాలి, అప్పుడే వంపు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వస్తుంది. తలకట్టు ఆఖర్న, ఒక్క విసురులో. ఏ పెయింటరు రాశాడో తలకట్టు చూసి చెప్పేయొచ్చు, ఒకాయన కొక్కెంలా వంచుతాడు, ఇంకొకాయన కత్తిలా పైకి లాగుతాడు. తర్వాత కింద కుడి వైపు నీడ. మొదట అట్ట మీద అ నుంచి ఱ వరకూ కాదు, మీ ఇంటి పేరు ఒక్కటే మళ్ళీ మళ్ళీ రాయండి. మీకు తెలిసిన పెయింటర్ ఎవరైనా ఉంటే ఇంటి గేటుకి పేరు ఆయన చేతే రాయించండి, డబ్బులిచ్చి పక్కన నిలబడి చూస్తే సగం చదువు అక్కడే అయిపోతుంది.

పాత సినిమా పోస్టర్లు, బాపు బొమ్మలు టీషర్టుల మీద ప్రింట్ చేసి అమ్ముదామని నేను, నా ఫ్రెండ్ అనుకుంటున్నాం. కేసులు అవుతాయా? (మదనపల్లె)

అనుమతి లేకుండా చేస్తే అవ్వచ్చు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసిన మనిషి పోయాక కూడా 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. బాపు గారు 2014 ఆగస్టు 31న పోయారు, అంటే ఆయన గీసిన బొమ్మల మీద 2074 ఆఖరు దాకా హక్కులు ఉంటాయి. రవివర్మ 1906లో పోయారు కాబట్టి ఆయన బొమ్మలు వాడుకోవచ్చు. సినిమా పోస్టర్ల హక్కు మామూలుగా చేయించుకున్న నిర్మాతల దగ్గర ఉంటుంది, పైగా అందులో హీరో ముఖం ఉంటుంది, అది ఇంకో తలనొప్పి. చూసి మళ్ళీ గీసినా కాపీ కాపీయే.

చట్టం పక్కన పెడదాం. పోస్టర్లు గీసినవాళ్ళకి వాళ్ళ కాలంలోనే పేరు పెద్దగా రాలేదు. దశాబ్దాల పాటు తెలుగు సినిమాలకి పబ్లిసిటీ డిజైనర్‌గా చేసిన ఈశ్వర్ గారి లాంటి వాళ్ళని ఎంతమందికి తెలుసు? 2021లో ఆయన పోయారు. సినిమా పోస్టర్ మీదే ఆయన ఒక పుస్తకం రాశారు, మీరిద్దరూ దాన్ని సంపాదించి చదవండి. టైటిల్ అక్షరాలు కథని ఎలా మోస్తాయో అందులో పట్టుకుని, మీ సొంత బొమ్మ, సొంత అక్షరం వేయండి. మదనపల్లె టమాటా మార్కెట్టు ఉంది, క్రేట్ల మీద రంగుల్లో మండీల పేర్లున్నాయి, దానికి మించిన టీషర్టు బొమ్మ ఇంకేం కావాలి? నేను ముందే ఒకటి కొంటాను.

సార్, మా వాడు ఎనిమిదో తరగతి. నోటు పుస్తకం మార్జిన్ నిండా బొమ్మలే, టీచర్ల మీద కార్టూన్లు. లెక్కల్లో మార్కులు తగ్గుతున్నాయి. నాకు టెన్షన్‌గా ఉంది. గీయనివ్వాలా? (నగరి)

గీయనివ్వండమ్మా. మార్జిన్లో గీస్తున్నాడంటే గీయడానికి వేరే చోటు లేదని. ఒక ఏ4 కాగితాల కట్ట, టూబీ పెన్సిల్, నల్ల జెల్ పెన్ కొనివ్వండి, సాయంత్రం ఒక వేళ పెట్టండి, మార్జిన్ దానంతట అదే ఖాళీ అవుతుంది. లెక్కలు విడిగా చూసుకోండి, బొమ్మలు ఆపితే లెక్కలు వస్తాయన్నది నిజం కాదు. జయదేవ్ గారు కాలేజీలో జంతుశాస్త్రం పాఠాలు చెబుతూనే అన్ని కార్టూన్లు గీశారు. రాగతి పండరి గారు విశాఖలో ఉండి, ఆడవాళ్ళెవరూ ఈ పనిలో లేని రోజుల్లో, పత్రికల నిండా గీశారు. ఇంటర్ తర్వాత ఇదే చదువుతానంటే ఏ గ్రూపైనా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) పరీక్ష రాయొచ్చు, ఐఐటీల డిజైన్ కోర్సులకి యూసీడ్ అనే పరీక్ష ఉంది, కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఇప్పుడే అవన్నీ వాడి నెత్తిన పెట్టకండి. టీచర్ల బొమ్మలు మాత్రం టీచర్లకి దొరక్కుండా దాచుకోమనండి.

పిల్లలు ఇద్దరూ బొమ్మలు గీస్తారు. సెలవుల్లో తిరుమల వస్తున్నాం. దర్శనం కాకుండా వాళ్ళకి పనికొచ్చేవి ఏమైనా చూపించొచ్చా? (చిత్తూరు)

రెండున్నాయి. మొదటిది దర్శనంలోనే ఉంది. మహాద్వారం దాటి లోపలికి అడుగుపెట్టగానే కుడి పక్క మండపంలో శ్రీకృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరులు చేతులు జోడించి నిలబడిన విగ్రహాలున్నాయి. జనం తోపులాటలో అందరూ ముందుకి చూస్తూ పోతారు, పిల్లల్ని ఆ పక్కకి నడిపించండి. వాళ్ళ భుజాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. కార్టూన్లో మనిషి మీద పేరు రాస్తాం కదా, అలా. రాయల టోపీ, నగలు, పంచె కుచ్చిళ్ళు, ఒక్కోటి ఒక్కొక్కరు గుర్తు పెట్టుకోమనండి. ఫోన్లు లోపలికి పోనివ్వరు కాబట్టి ఫోటో లేదు, అదే మంచిది, కళ్ళతోనే తెచ్చుకోవాలి.

రెండోది తిరుమల మ్యూజియంలో అన్నమయ్య రాగిరేకులు. 1408లో పుట్టి 1503 వరకూ ఉన్న ఆయన పాటల్ని రాగి రేకుల మీద చెక్కించి గుళ్ళోనే సంకీర్తనా భండారంలో దాచారు, ఇరవయ్యో శతాబ్దంలో వాటిని వెలికి తీసి వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితులు చదివి అచ్చుకిచ్చారు. రెండు వేలకి పైగా రేకులు. పిల్లలకి పాటల సంగతి తర్వాత చెప్పొచ్చు, ముందు అక్షరాల్ని చూడమనండి. వరసలు ఎంత దగ్గరగా ఉన్నాయో, రాగి మీద ఉలితో గుండ్రటి అక్షరం తిప్పడం ఎంత కష్టమో, అయినా చెయ్యి ఎక్కడా తడబడకుండా చివరి అంచుదాకా ఎలా పోయిందో. కొన్ని అక్షరాలు ఇప్పటి తెలుగులా ఉండవు, ఏది ఏ అక్షరమో కనిపెట్టే ఆట పెట్టండి. కింద బస్సు ఎక్కేలోపు ఎక్కడైనా కూర్చోబెట్టి చిన్న నోటు పుస్తకాలు ఇచ్చి, రాయల టోపీ, ఒక రాగిరేకు అక్షరం, గుర్తున్నంత గీయించండి. ఒకరిది ఇంకొకరు చూడకుండా గీయాలి. ఆ రెండు కాగితాలూ మాకు పంపితే వచ్చే నెల ఈ పేజీలోనే వేస్తాం.